మడ అడవిలో వనభోజనాలు

మామగారిని ఆ రోజు లంకకి తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళడం అంతకంటే ఇష్టం లేదు. అందుకని ఇద్దరం వెళ్ళాం.

మాది బందరు దగ్గర గూడూరు దాటి సముద్రం వైపు వెళ్తే కాలువకి ఆఖరున ఉండే ఊరు. శివారు ఊరు అంటారు. పై ఊళ్ళ చేలన్నీ తడిశాక మిగిలిన నీళ్ళు మాకు వస్తాయి. కొన్నేళ్ళు అవి కూడా రావు. అందువల్ల మా ఊరి మగవాళ్ళకి ఒక అలవాటుంది. కాలువలో నీళ్ళు బెత్తెడు తగ్గాయంటే పంచె పైకి కట్టి, గట్టు పట్టుకుని ఎగువకి నడుస్తారు. పైన ఎవరో తూము దించేసి ఉంటారు, లేకపోతే గండి కొట్టి తమ చేలోకి తిప్పుకుని ఉంటారు. అక్కడిదాకా వెళ్ళి, అవసరమైతే పోట్లాడి, నీళ్ళు వదిలించుకుని వస్తారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మామగారు పెరుగన్నం ముందు నుంచి లేచి అలా వెళ్ళిపోవడం చూశాను. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అప్పటికి ఇంకా ఉన్న అత్తగారు కంచం మీద మూత పెట్టారు.

శ్రావణంలో అలా ఎగువకి వెళ్ళింది నా భర్త. వెళ్ళమన్నది మామగారు. ఆయన మోకాళ్ళు ఆ వారం బాగా వాచి ఉన్నాయి. "ఒరేయ్, నీళ్ళు నిలిచిపోయాయి, ఒకసారి పైకెళ్ళి చూసిరా," అన్నారు. నా భర్త వెళ్ళి వదిలించారు. నీళ్ళు వచ్చాయి. తిరిగొస్తూ చేలో మోటారు వేయబోతే కరెంటు కొట్టింది. ఆ కబురు నాకు చెప్పింది మామగారే. గుమ్మంలో నిలబడి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, రెండు ముక్కల్లో చెప్పారు.

దాని గురించి ఇంతకంటే రాయను. పోయినవాళ్ళ గురించి అందంగా రాసిన పుస్తకాలు చాలా చదివాను. బందరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో వాటిని పిల్లలకి చదివి వినిపించాను కూడా. ఆ వాక్యాలు ఇప్పుడు నాకు పనికిరావడం లేదు.

తర్వాత మామగారు మాట్లాడటం తగ్గించారు. పొలం కౌలుకిచ్చేశారు. దినపత్రిక మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఒకరోజు పొద్దున్నే ఆయన మంచం ఖాళీగా కనిపించింది. వెతుక్కుంటూ వెళ్తే కాలువ గట్టు మీద ఉన్నారు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, నీళ్ళ అంచున నిలబడి ఉన్నారు.

"ఏంటి మావయ్యగారూ, ఇక్కడున్నారు?"

"ఏం లేదమ్మా. నీళ్ళు చూస్తున్నా."

ఆ రోజే కొట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తీసి పక్కింటివాళ్ళ గొడ్లసావిట్లో పెట్టించాను. మేడ మీది గదికి తాళం వేశాను. నా భయం ఒక్క ఆడపడుచుకే ఫోనులో చెప్పాను. "నాన్న అలాంటి పని చేసే మనిషి కాదు వదినా," అంది. ఫోను మాత్రం పెట్టేయలేదు.

కార్తీకంలో వనభోజనాలు ఏర్పాటు చేసేది చిన్న మావయ్యగారు, అంటే మామగారి తమ్ముడు. గుడివాడలో బియ్యం వ్యాపారం. ఆయన ఉన్నచోట ఇంకొకరు మాట్లాడటం కష్టం. ఏటా చుట్టాలందరినీ ఎవరిదో ఒక తోటకి తీసుకెళ్ళి, ఉసిరి చెట్టు కింద పూజ చేయించి భోజనాలు పెట్టిస్తారు. ఈసారి ఆయన ఇంటికొచ్చి కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టారు.

"ఏటా ఆ మామిడితోటలోనే ఏం తింటాం అమ్మాయ్? ఈసారి దివిసీమ. నాగాయలంక అవతల నదిలో లంక ఉంది, మొత్తం మడ అడవే. పడవ మాట్లాడేశాను. అన్నయ్యకి కూడా కాస్త గాలి మారుతుంది."

"ఇంకా ఏడాది కాలేదు కదండీ. మేం ఎలా వస్తాం?"

"పూజ దగ్గరికి రావద్దులే. భోజనం దగ్గరికి రా. ఏడాదిదాకా అన్నం తినకూడదని ఎవరైనా రాశారా? నువ్వు చదివావు కదా బోలెడు పుస్తకాలు, చెప్పు."

నేను మామగారి వైపు చూశాను. ఆయన వద్దంటారని నమ్మకం.

"వెళ్దామమ్మా," అన్నారు. "నీళ్ళ మీదికి వెళ్ళి చాలా రోజులైంది."

మూడు నెలల్లో ఆయన కావాలని అడిగింది అదొక్కటే. ఆ మాట విని చిన్న మావయ్యగారు సంతోషించారు. పడవ ఎంత పెద్దదని నేను అడిగాను.

తెల్లవారకముందే వ్యాన్ వచ్చింది. చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర నది మీదుగా దివిసీమలోకి వెళ్ళాం. ఇరవైమందిదాకా ఉన్నాం. గిన్నెలు, క్యాన్లు, అరిటాకుల కట్ట, వాటి మీద తడిగుడ్డ చుట్టిన ఉసిరి కొమ్మ. లంకలో ఉసిరి చెట్టు ఉండదని చిన్న మావయ్యగారే తెంపించి తెచ్చారు. నేను మామగారి పక్క సీటులో కూర్చున్నాను. ఆయన కిటికీలోంచి చేలు చూస్తున్నారు. ప్రతి తూము దగ్గరా తల కొంచెం తిప్పి చూసేవారు.

నాగాయలంకలో ఇంజను పడవ ఎక్కాం. పడవాయన అందరినీ సర్ది కూర్చోబెట్టి, చిన్న మావయ్యగారికి మళ్ళీ ఒకసారి చెప్పాడు.

"పోటు మీద ఉన్నాం కాబట్టి పాయలోపలికంటా తీసుకెళ్తానండి. మిమ్మల్ని దింపి నేను బయటికొచ్చేస్తా. పాటు తగిలి సముద్రం నీళ్ళు వెనక్కి లాగితే పాయలో చుక్క ఉండదు, పడవ బురదలో కూర్చుంటది. మధ్యాహ్నం మళ్ళీ నీళ్ళు ఎక్కుతాయి గదా, అప్పుడొస్తా."

"అంటే ఈలోపు మాలో ఎవరైనా ఇంటికెళ్తానంటే?"

"ఈదుకుంటూ వెళ్ళాలండి."

అందరూ నవ్వారు. మామగారు కూడా నవ్వినట్టే అనిపించింది. నేను ఆయన చేతుల వైపు చూస్తున్నాను. పడవ అంచు పట్టుకుని, వేళ్ళు నీళ్ళలో ఆడిస్తున్నారు. ఆడపడుచు నా ఉద్దేశం గ్రహించి ఆయనకి అటువైపు వచ్చి కూర్చుంది. అలా మధ్యలో పెట్టుకుని తీసుకెళ్ళాం.

లంక దూరం నుంచి చాలా పచ్చగా ఉంది. దగ్గరికి వెళ్ళాక ఆ పచ్చదనంలో మనిషి అడుగు పెట్టే చోటు ఎక్కడా కనిపించలేదు. చెట్లు నీళ్ళలోంచే లేచి ఉన్నాయి. పాయ లోపలికి తిరగగానే గాలి ఆగిపోయింది. ఇంజను చప్పుడు రెండు వైపులా చెట్లకి తగిలి మా మీదికే వస్తోంది. కొమ్మల మీద కొంగలు మమ్మల్ని చూసి కూడా ఎగరలేదు. పాయ మలుపులో కాస్త గట్టినేల, ఇసుక మేట వేసిన చోటు ఒకటుంది. అక్కడ దింపాడు. పడవ తిరిగి వెళ్ళిపోయాక చెట్ల మధ్య నుంచి చిటపటమని ఒక శబ్దం వినిపించింది. ఎక్కడ విన్నా అదే. బురదలో పీతలు, చిన్న చిన్న గుల్లలు చేసే చప్పుడట.

భోజనాలకి ముందు లంక చూద్దామని చిన్న మావయ్యగారు అందరినీ బయల్దేరదీశారు. చూడటానికి ఎక్కువ దారి లేదు. బురదలోంచి వేళ్ళు వేలెడు వేలెడు ఎత్తున పొడుచుకొచ్చి ఉన్నాయి, వాటి మధ్య జాగ్రత్తగా అడుగులు వేయాలి. ఉబ్బుకళ్ళ చిన్న చేపలు బురద మీద గెంతుతున్నాయి. ఎర్ర పీతలు మా నీడ పడగానే ఒక్కసారిగా బొరియల్లోకి దూరుతున్నాయి. నేల ఖాళీ అయిపోతోంది. ఆడపడుచు భర్త ఒక కొమ్మ విరవబోతే చిన్న మావయ్యగారు కేకేశారు.

"ఆగవయ్యా! అది తిల్ల చెట్టు. దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి. వనభోజనాలకొచ్చి గుడ్డివాడివై వెళ్తే మీ అమ్మకి నేనేం చెప్పాలి?"

"మా అమ్మ ముందు మిమ్మల్నే గుడ్డివాళ్ళని చేసే మందు వెతుకుతుందిలెండి."

ఆ నవ్వుల్లో మామగారు వెనకబడ్డారు. నేనూ వెనకబడ్డాను. ఆయన ఒక చిన్న బోదె పక్కన ఆగి, అందులో నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తున్నారు. ఎండుటాకు ఒకటి వేశారు. ఆకు మెల్లగా నది వైపు కదిలింది.

"దిగువకే పోతున్నాయి," అన్నారు.

"పాటు మొదలైంది మావయ్యగారూ. రండి."

ఆయన వచ్చారు. ఏం చెప్పినా ఎదురాడకుండా చేసేవారు. అదే నాకు ఎక్కువ భయం.

పూజ జరుగుతున్నంతసేపూ మేమిద్దరం దూరంగా నిలబడ్డాం. ఉసిరి కొమ్మని ఒక మడ చెట్టుకి కట్టి, కింద దీపాలు పెట్టారు. ఏడాది కానివాళ్ళం కాబట్టి మాకు అక్షింతలు ఇవ్వలేదు. మామూలుగా అయితే ఇలాంటివాటికి నేను బాధపడను. ఆ రోజు మాత్రం ఆ ఎడం నాకు ఉపయోగపడింది. ఆయన చెయ్యి అందేంత దూరంలో ఉన్నారు.

ముందు మగవాళ్ళకి వడ్డించాం. పులిహోర, పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, బూరెలు. మామగారు విస్తరి ముందు కూర్చుని బాగానే తిన్నారు. నేను పెరుగు వడ్డించే వంకతో మూడుసార్లు ఆ వరసలో తిరిగాను. తర్వాత ఆడవాళ్ళం కూర్చున్నాం. నాకు వరస చివర చోటిచ్చారు, పాయకి వీపు చేసి కూర్చోవాల్సిన చోటు. తల తిప్పితే మామగారు కనిపిస్తున్నారు, చెట్టు మొదట్లో గుడ్డ పరుచుకుని కూర్చున్నారు. సగం తిన్నాక మళ్ళీ తిప్పాను. ఉన్నారు.

అప్పుడు మగవాళ్ళు పాయ అంచుకి వెళ్ళి నిలబడ్డారు. పొద్దున పడవ వచ్చిన దారిలో ఇప్పుడు నల్లటి బురద, మధ్యలో చేతి వెడల్పున నీళ్ళు.

"అన్నయ్యా!" అని చిన్న మావయ్యగారి గొంతు. "నీళ్ళు నిలిచిపోయాయి చూడు! పైవాడెవడో తూము దించేశాడు!"

మగవాళ్ళందరూ గొల్లుమన్నారు. అందరూ శివారు ఊళ్ళవాళ్ళే. ఆ మాటకి అర్థం వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"గండి కొట్టుంటార్రా," అని ఇంకొకరు. "పదండి, పార తెచ్చారా ఎవరైనా?"

"పోలీసు కేసు పెడదాం!"

నేను కూడా నవ్వాను. తర్వాత తల తిప్పితే గుడ్డ మాత్రమే ఉంది.

లేవబోయాను. పక్కనున్న పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"విస్తరి ముందు నుంచి లేవకూడదమ్మా. ఏంటంత తొందర?"

"మావయ్యగారు కనిపించట్లేదండి."

"మగవాళ్ళు చెట్టు చాటుకి వెళ్తారు. అన్నిటికీ వెనకాల పడితే ఎలా? తిను."

రెండు ముద్దలు తిన్నాను. ఆ రెండు ముద్దలు తినడానికి పట్టిన సమయం గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తర్వాత ఆవిడ చెయ్యి విడిపించుకుని లేచాను. మగవాళ్ళని అడిగితే ఒకాయన "పెద్దాయన ఇటెళ్ళారు, ఒంటికి వెళ్ళారనుకుంటా," అని పాయ ఎగువ వైపు చూపించారు. అటు పిలిచాం. చెట్లు తప్ప ఏమీ లేదు. ఆడపడుచు "నాన్నా" అని అరిచింది, తర్వాత నా మొహం చూసి ఏడుపు మొదలుపెట్టింది. చిన్న మావయ్యగారికి అప్పటిదాకా ఏమీ తెలియదు.

"ఏంటే? ఎందుకేడుస్తున్నావు? ఇక్కడే ఎక్కడో ఉంటాడు."

"బాబాయ్, నాన్న... వదిన భయపడుతూనే ఉంది, నాన్న ఏదైనా చేసుకుంటాడేమోనని."

ఆయన అక్కడి నుంచి పాయ అంచుకి పరిగెత్తారు.

బురదలో అడుగులు కనిపించాయి. చెట్ల వైపు కాదు, పాయ మధ్యలోకి, అక్కడి నుంచి ఎగువకి. చెప్పులు ఒడ్డునే విప్పి ఉన్నాయి, పక్కపక్కనే సర్ది. కాలువ గట్టు మీద కూడా అలాగే పెట్టారు. చిన్న మావయ్యగారు పడవ కోసం పాయ నదిలో కలిసే మొగ వైపు పరిగెత్తారు. నేనూ ఆడపడుచు భర్తా ఒడ్డు వెంబడి, వేళ్ళు తొక్కుకుంటూ ఎగువకి వెళ్ళాం. ఒడ్డు అంటే ఒడ్డు కాదు, చెట్ల మొదళ్ళు. ఒక చోట నా కాలు మోకాలిదాకా దిగబడింది. ఆడపడుచు భర్త చెయ్యి పట్టి లాగారు. మోకాళ్ళ నొప్పి ఉన్న ముసలాయన ఇందులో ఇంత దూరం ఎలా నడిచారో అర్థం కాలేదు. అడుగులు మాత్రం ఎక్కడా తడబడలేదు. చావాలనుకున్న మనిషి ఇంత శ్రమపడి నడుస్తాడా అనే ఆలోచన వచ్చింది. వచ్చినా ధైర్యం రాలేదు.

మలుపు తిరిగాక పాయ రెండుగా చీలింది. అక్కడ ఉన్నారు. తొడలదాకా బురదలో దిగబడి, ముందుకి వంగి ఉన్నారు. మొదట పడిపోయారనుకున్నాను. కాదు. రెండు చేతులతో బురద ముద్దలు తీసి, ఎడమ పాయకి అడ్డంగా వరసగా పేరుస్తున్నారు. జానెడు ఎత్తు కట్ట అప్పటికే లేచింది. పంచె నడుముకి ఎగకట్టి ఉంది. ముఖం మీద బురద, చెమట.

"మావయ్యగారూ!"

తల ఎత్తి చూశారు. అంత స్పష్టంగా ఆయన నన్ను చూసి చాలా రోజులైంది.

"ఇటు పోకుండా అడ్డం వేస్తున్నానమ్మా. లేకపోతే సగం నీళ్ళు వీళ్ళకే పోతాయి."

"బయటికి రండి మావయ్యగారూ."

"వాడు పైకి వెళ్ళాడుగా. ఎంతసేపైంది వెళ్ళి! వదిలిస్తాడులే. వాడు అడిగితే ఎవరూ కాదనరు."

ఆడపడుచు భర్త నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూడలేదు. నెలల తరబడి నేను కాపలా కాసింది ఒకదానికి, జరుగుతున్నది ఇంకొకటి. కాలువ గట్టు మీద ఆ రోజు ఆయన చావడానికి రాలేదు. కొడుకు ఎంతకీ రాలేదని చూడటానికి వచ్చారు.

అంతలో నీళ్ళు వచ్చాయి. పైనుంచి కాదు, మా వెనక నుంచి, సముద్రం వైపు నుంచి. చప్పుడు లేదు. బురద మీద మొదట తడి మెరుపు, తర్వాత నురగ అంచు ఒకటి, పాకుతూ వచ్చి ఆయన తొడలకి తగిలింది. ఆయన కిందికి చూశారు. ఆ ముఖంలో వచ్చిన సంతోషం నేను మా ఇంట్లో మళ్ళీ చూస్తాననుకోనిది.

"వదిలాడు చూడమ్మా! వచ్చేస్తున్నాయి! చెప్పలేదూ?"

నీళ్ళు ఏ వైపు నుంచి వస్తున్నాయో ఆయన గమనించలేదు. ఆయనలాంటి మనిషి అది గమనించకపోవడం చూశాక నాకు అసలైన భయం మొదలైంది.

నీళ్ళు త్వరగా పెరిగాయి. కట్ట మునిగింది. ఆయన మళ్ళీ ముద్దలు తీసి వేస్తున్నారు, అవి నీళ్ళలో కరిగిపోతున్నాయి. నడుందాకా వచ్చేసరికి ఇంజను చప్పుడు వినిపించింది. పడవాయన, చిన్న మావయ్యగారు వచ్చారు. పడవలోని చెక్కపలక ఒకటి నీళ్ళ మీద తోసి, తాడు ఆయన చంకల కింద వేశారు. లాగబోతే పడవాయన ఆపేశాడు.

"బలవంతంగా లాగితే తుంటి ఊడుద్దండి. పెద్దాయన కాళ్ళు తనే ఆడించుకోవాలి. ఒక్కో కాలూ వదులు చేసుకుని పలక మీద బోర్లా పడుకోమనండి. తొందరగా."

"అన్నయ్యా, విన్నావా? కాలు ఆడించు. అన్నయ్యా!"

"ఉండరా. వాడు వచ్చేదాకా ఉండాలి నేను. నేను లేకపోతే వీళ్ళు మళ్ళీ దించేస్తారు."

"ఎవడు రావాలి?" అన్నారు చిన్న మావయ్యగారు. అడిగిన వెంటనే ఆయనకి అర్థమైంది. తాడు వదలకుండానే మొహం తిప్పుకున్నారు.

నీళ్ళు మామగారి ఛాతీకి తగులుతున్నాయి. నేను చెట్టు వేరు పట్టుకుని ఆయనకి దగ్గరగా వంగాను.

"మావయ్యగారూ, ఆయన ఇంటికి వెళ్ళిపోయారు."

"వెళ్ళాడా? ఇటు రాకుండానే?"

"నీళ్ళు వదిలించి, చేల గట్ల మీదుగా అటునుంచటే వెళ్ళారు. మిమ్మల్ని తీసుకురమ్మని నన్ను పంపారు."

"చెప్పాపెట్టకుండా..." అని ఆయన కొంచెం విసుక్కున్నారు. కొడుకు మీద ఎప్పుడూ విసుక్కునే విసుగే. "మోటారు దగ్గరికి వెళ్ళలేదుగా?"

పడవాయన "అమ్మా, తొందరగా," అన్నాడు.

"వెళ్ళలేదు మావయ్యగారూ. తిన్నగా ఇంటికే వెళ్ళారు. ఆకలేస్తోందన్నారు."

ఆయన పలక మీద చేతులు వేశారు. ఒక కాలు ఆడించారు, తర్వాత ఇంకోటి. బురద వదలడానికి చాలాసేపు పట్టింది. పడవలోకి లాగేసరికి నీళ్ళు ఆ చీలిక మొత్తాన్ని కప్పేశాయి. అక్కడ ఎవరైనా నిలబడ్డారని చెప్పడానికి గుర్తేమీ లేదు.

నాగాయలంక ఒడ్డున పడవ దిగాం. పొడి తువ్వాలు చుట్టి ఆయన్ని వ్యాన్‌లో ముందు సీటు వెనక కూర్చోబెట్టాం. ఆడపడుచు వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసి, "ఏం చెప్పావు వదినా నాన్నకి? మా ఆయన చెప్పారు నాకు. ఇప్పుడేం చేద్దాం?" అని గుసగుసగా అడిగింది. నాకు తెలియదన్నాను. మామగారు నిటారుగా కూర్చుని ఉన్నారు. ఒళ్ళంతా నొప్పులై ఉండాలి, ఆ ఛాయలే లేవు. అవనిగడ్డ దాటాక డ్రైవరుతో "కొంచెం వేగంగా పోనీ బాబూ," అన్నారు. మోపిదేవి దాటాక మళ్ళీ అన్నారు. చల్లపల్లిలో టీ కోసం ఆపితే దిగలేదు.

"వాడు అన్నం పెట్టుకుని తింటాడో లేదో," అన్నారు నాతో. "నువ్వొచ్చేదాకా కూర్చుంటాడు వాడు. అదొక పాడలవాటు."

నిజమే, అలాగే కూర్చునేవారు.

ఇంట్లో హాల్లో నా భర్త ఫోటో దండతో ఉంది. తలుపు తీయగానే ఎదురుగా కనిపిస్తుంది. ఆయన్ని దాని ముందుకి అలా తీసుకెళ్ళడం నా వల్ల కాదనిపించింది. ఫోటో తీసేయించి, రేపు చూద్దాంలే అనుకోవచ్చు. చిన్న మావయ్యగారు అదే అన్నారు, నా చెవి దగ్గర. కానీ రేపు కూడా నేనే చెప్పాలి. ఈలోపు ఆయన గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. ఊరు ఇంకా కొంచెం దూరంలో ఉండగా వ్యాన్ ఆపించాను. చీకటి పడుతోంది. డ్రైవరు లైటు వేయబోతే వద్దన్నాను.

"మావయ్యగారూ, ఒక మాట చెప్పాలి. ఆయన ఇంట్లో లేరు."

"మరెక్కడున్నాడు?"

"శ్రావణంలో పోయారు మావయ్యగారూ. మోటారు దగ్గర. మీరే వచ్చి నాకు చెప్పారు."

వెనక ఎవరో ముక్కు చీదారు. ఆయన నా ముఖంలోకి చూస్తూ ఉన్నారు. ముసలాయన ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. ఏదో లెక్క కుదరనట్టు కనుబొమలు ముడిచారు.

"ఇందాక ఇంటికెళ్ళాడన్నావు."

"అబద్ధం చెప్పానండి. మీరు బయటికి రావాలని."

"ఓహో," అన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వైపు చూసుకున్నారు. గోళ్ళ కింద బురద ఇంకా ఉంది. మళ్ళీ తల ఎత్తినప్పుడు గొంతు చాలా నెమ్మదిగా ఉంది. నిజంగా తెలుసుకోవాలని అడిగే మనిషి గొంతు.

"అయితే నీళ్ళు ఎవరు వదిలారమ్మా?"

నేను సముద్రం గురించి చెప్పబోయాను. పొద్దున పడవలో ఆయన కూడా విన్నారు కదా. ఆయన సమాధానం కోసం నా వైపు చూస్తూనే ఉన్నారు. ముందు సీటులోంచి చిన్న మావయ్యగారు, వెనక్కి తిరగకుండా, "పోనీయవయ్యా," అని డ్రైవరుతో అన్నారు.